నీడ ఉన్న దిబ్బ

మా ఆఫీసు గోడకు ఒక క్యాలెండరు వేలాడేది. నీటి పంపులు అమ్మే ఏదో విదేశీ కంపెనీ వాళ్లు పంపింది. నెలకొక బొమ్మ. మే నెల బొమ్మ మధ్యధరా సముద్రంలో ఒక దీవి. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, నాలుగు చెట్లు, చెట్ల కింద తెల్లబట్ట పరిచిన బల్ల, బల్ల మీద పళ్లు, గ్లాసులు. ఆ బొమ్మ మూలంగా నా నౌకరీలో ఒక దినం గడిచింది. ఇన్నేళ్లయినా ఆ దినం తలుచుకుంటే నా ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడిప్పుడే సర్కారు కొలువుల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటినాక రాత్రి బడిలో వచ్చాయి. సొగసుగా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. వినలేకపోతే పక్కన పెట్టేయండి, నేనేమీ అనుకోను.

నాది నకిరేకల్ దగ్గరి పల్లె. మొదట లారీ నడిపాను. తర్వాత సర్కారు లాంచీ డ్రైవరు పని దొరికింది. ఎనభైల చివర్లో నన్ను కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు మీది ఆఫీసుకు బదిలీ చేశారు. కింద డ్యాం కట్టినాక అక్కడ నది వెనక్కి తన్ని ఊళ్లకు ఊళ్లు మునిగాయి. వానాకాలంలో చూస్తే అవతలి ఒడ్డు కనిపించదు. ఎండాకాలం నీళ్లు దిగితే గుట్టల తలలు, ఎత్తు దిబ్బలు పైకి తేలి దీవులవుతాయి. నీటి మట్టం చూసే ఇంజనీర్లను తిప్పడం నా పని. మునిగిన ఊళ్లంటే నాకు తెలిసింది ఒకటే. ఫలానా చోట నీళ్ల కింద గోడలున్నాయి, లాంచీ అడుగు గీసుకుంటుంది, పక్క నుంచి పోవాలి. అంతకుమించి వాటి సంగతి నేను ఎవరినీ అడగలేదు. నేను ఆ ఊళ్లవాణ్ని కాను.

మా ఆఫీసులో ఏటా ఎండాకాలం అందరం ఆడోళ్లతో పిల్లలతో ఒకరోజు కలిసి తినేవాళ్లం. బగారన్నం, మటన్, దాల్చా, పిల్లలకు ఆటలు, రిటైరయ్యేవాళ్లకు శాలువా. ఎప్పుడూ మామిడితోటలోనే. ఆ ఏడు కొత్తగా వచ్చిన పెద్ద సారుది కోస్తా జిల్లా. మంచి మనిషే, ఉషారు ఎక్కువ. ఒకనాడు ఆ క్యాలెండరు ముందు నిలబడి, మన చేతిలో ఇన్ని దీవులు పెట్టుకుని ఆ తోటలో చీమల మధ్య కూర్చోవడం ఏమిటని అడిగారు. పెద్ద క్లర్కు ఒక్కడే నెమ్మదిగా అన్నాడు, "బొమ్మల ఎండ కాల్చదు సారూ." సారు నవ్వేసి ఊరుకున్నారు.

ఈ పెద్ద క్లర్కు గురించి చెప్పాలి. నిలువు బొట్టు, మడి, ఆచారం. ఆఫీసు గ్లాసుతో నీళ్లు తాగడు, ఇంటి నుంచి రాగి చెంబు తెచ్చుకుంటాడు. మా దావతులకు వస్తాడు గాని తన పులిహోర తాను మూట కట్టుకుని వచ్చి దూరంగా కూర్చుని తింటాడు. నెలకొకసారి నేను జీతానికి వేలిముద్ర వేయడానికి పోతే, "ఏందయ్యా, ఇయ్యాల ఏ వేలు పని చేస్తాంది?" అని అందరి ముందు అడిగేవాడు. నాకూ అతనికీ పడేది కాదు.

దీవి ఏరే పని నా మీద పడింది. పొయ్యికి అనువు చూడాలి కనుక గెస్ట్‌హౌసు వంటాయనను వెంట పెట్టుకు పొమ్మన్నారు సారు. వంటాయన ముసల్మాను, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను భాయ్ అనేవాణ్ని. ఆయన ఊరు కూడా మునిగిందని తెలుసు. ఆ దిక్కున సగం మంది ఊళ్లు మునిగినవే, అందులో కొత్తేముందని నేను అనుకునేవాణ్ని.

ఇద్దరం పొద్దున్నే బయల్దేరాం. మొదటి దీవి అచ్చం క్యాలెండరు లాగే ఉంది. తెల్లటి ఇసుక. గాలి నేరుగా కొడుతుంది, బూడిదంతా అన్నంలో పడుతుందని వంటాయన వద్దన్నాడు. రెండోది రాతి గుట్ట. నేలలో పొడుగ్గా కాలువ తవ్వి దాని మీద వరసగా గుండిగెలు ఎక్కిస్తేనే మాకు దావతు వంట. రాతిలో గాడిపొయ్యి తవ్వడం ఎవరి తరం? మూడోదాని పైన బీటలు వారిన మట్టి గట్టిగానే కనిపించింది. నేను దిగాను. మోకాలి దాకా ఒండ్రులో దిగబడ్డాను. వంటాయన నన్ను లాగి, కాళ్లు కడుక్కునే దాకా ఆగి, ఎటో చూస్తూ అన్నాడు. "ఇంకొకటున్నది అన్నా. జర దూరం."

దూరమే. కానీ కనబడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎత్తు దిబ్బ, దాని మీద అయిదారు పెద్ద వేపచెట్లు. అంత నీడ ఆ నీళ్లలో ఇంకెక్కడా లేదు. మిగతా దీవులన్నీ బోడిగుండ్లు. లాంచీ ఆనడానికి రేవు లాంటి వాలు కూడా ఉంది. దిగేముందు వంటాయన చెప్పులు లాంచీలోనే విడిచి, తలకు దస్తీ కట్టుకున్నాడు. ఎండకు కట్టుకున్నాడనుకున్నాను. పొయ్యి ఎక్కడ తవ్వాలో వాలు దగ్గరే చూపించాడు. చెట్ల అవతలికి పోబోతే చెయ్యి పట్టి ఆపి, అటు అలలు కొట్టి ఒడ్డు విరిగి పడుతోంది, పోవద్దన్నాడు. నేను పోలేదు. నీడ దొరికిందని సారుకు చెప్పాను. ఆయన నా భుజం తట్టారు. దావతు దినం ఖాయం చేశారు.

ఆనాడు పొద్దున మొదటి తిరుగుడులో వంటాయనను, గుండిగెలను, కట్టెలను ఎక్కించుకున్నాను. ఆయన వెంట ఇంకో ముగ్గురు వచ్చారు. ఆయన భార్య, తమ్ముడు, తెల్లగడ్డం ముసలాయన ఒకరు. వీళ్లెవరు భాయ్ అంటే ఉల్లిగడ్డలు కొయ్యనీకి అన్నాడు. ముసలాయన చేతులు వణుకుతున్నాయి. ఈయన కోసిన ఉల్లిగడ్డతో మనం రేపు తింటామని నేను పరాచికమాడాను. ఎవరూ నవ్వలేదు. గడ్డపార, పార కూడా లాంచీలో ఉన్నాయి. గాడిపొయ్యి తవ్వాలిగదా, అనుమానం ఎందుకొస్తుంది?

దిబ్బ మీద పొయ్యి వంటాయన ఒక్కడే తవ్వాడు. మిగతా ముగ్గురూ చిదుకులు ఏరుకొస్తామని చెట్ల అవతలికి పోయారు. నేను మళ్లీ ఒడ్డుకు వచ్చి సారును, వాళ్ల ఇంటివాళ్లను, ఆఫీసు జనాన్ని తీసుకుపోయాను. దిబ్బ చూసి అందరూ మురిసిపోయారు. సారు భార్య చెట్ల కింద జంపఖానా పరిపించి, ఏసీ గదిలో ఉన్నట్టుందని అన్నారు. సారు ఆ క్యాలెండరు బొమ్మను చింపి జేబులో తెచ్చుకున్నారు. దాన్ని తీసి అందరికీ చూపించి, ఏం తక్కువయిందయ్యా మనకు అన్నారు.

నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. వంటాయనకు చేతి అంచనా ఎన్నడూ తప్పదు. ఆనాడు మటన్‌లో ఉప్పు వేశానా లేదా అని నన్ను రెండుసార్లు అడిగాడు. గంటె తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయి చెట్ల దిక్కు చూసేవాడు. కట్టెలు ఏరుతున్నారా, అడవి నరుకుతున్నారా అని నేను విసుక్కున్నాను. "వస్తరు అన్నా" అన్నాడు. ఆయన ముఖం పొయ్యి సెగకు ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంది.

మొదటి వరస తినడానికి కూర్చుంది. విస్తళ్లలో అన్నం పడింది. సారు బామ్మర్ది ఒకాయన మెడలో కెమెరా వేసుకుని వచ్చాడు. నీళ్ల బొమ్మ తీస్తానని చెట్ల అవతలికి పోయినవాడు ఒక చెప్పు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. చెయ్యి వెనక్కి చూపిస్తున్నాడు. చివరికి, "అక్కడ మనిషిని తవ్వుతున్నారు బావగారూ" అన్నాడు.

అందరం అటు ఉరికాం. చెయ్యి కడగనివాళ్లు కూడా.

దిబ్బ అవతలి పక్క కత్తితో కోసినట్టు నిలువుగా తెగి ఉంది. అలలు కింద తొలిచేస్తున్నాయి. తెగిన గట్టు అంచున రాళ్లు పేర్చిన గోరీలు వరసగా ఉన్నాయి. కొన్ని సగమే మిగిలాయి, తక్కిన సగం నీళ్లలోకి పోయింది. అంచుకు చేరిన చిన్న గోరీ ఒకటి తెరిచి ఉంది. అందులో నడుము లోతున వంటాయన తమ్ముడు. పైన ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని అతని చేతి నుంచి ఒకొక్కటీ అందుకుంటున్నాడు. పక్కన తెల్లటి కొత్త బట్ట పరిచి ఉంది. దాని మీద ఉన్నవి మొదట నేను పుల్లలనుకున్నాను. వంటాయన భార్య ఆ బట్ట మీద ఎండ పడకుండా తన కొంగు పట్టి కూర్చుంది. మేమంతా వచ్చి నిలబడినా ఆమె తల ఎత్తలేదు.

సారు ముందుకు వచ్చి అడిగారు. "ఏమిటిది? నిధులు తవ్వుతున్నారా?"

మునిగిన ఊళ్లలో నిధులు తవ్వే ముఠాలున్నాయని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. ఆయన అలా అనుకోవడంలో తప్పు లేదు. వంటాయన మా వెనక నుంచి వచ్చాడు. చేతిలో గంటె అట్లనే ఉంది, దాని నుంచి నూనె కారుతోంది.

"నా బిడ్డ సారు," అన్నాడు. "ఊరు లేపిన ఏడు జరమొచ్చి పోయింది. అయిదేండ్లది. గీ వానలకు గీ ఒడ్డు ఉండదు. నీళ్లల్ల పోతది."

నీళ్లు గోరీని కోసుకుపోతుంటే తీసి వేరే చోట పెట్టొచ్చని మతపెద్దలు ఒప్పుకున్నారట. కొల్లాపూర్ ఖబరస్తాన్‌లో జాగా తవ్వి ఉంచారట. చేపలు పట్టేవాళ్ల పుట్టిలో రావచ్చుగదా అనుకుంటారేమో. తవ్వి తీసినవి పుట్టి ఎక్కితే వలకు చేప రాదని వాళ్ల నమ్మకం, ఎంత బతిమాలినా ఒప్పుకోలేదట. లాంచీ ఇప్పించమని ఆఫీసులో రెండేళ్లు అడిగాడట. సొంత పనులకు లాంచీ ఇవ్వరాదని జవాబు. ఆ జవాబు ఇచ్చింది ఈ సారు కాదు, ముందున్నవాళ్లు. ఎవరైనా అదే ఇచ్చేవాళ్లు.

ఒక్కసారిగా గోల మొదలయింది. ఆడోళ్లు పిల్లల కళ్లు మూశారు. సారు భార్య చెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నారు. అందరికంటే పెద్ద నోరు పెద్ద క్లర్కుది. "గోరీల మీద కూసోబెట్టి అన్నం పెట్టిస్తివి గదరా. నీకు చేతులెట్లొచ్చినయి?" అని వంటాయన మీదికి పోయాడు. గోరీలు ఈ దిక్కున ఉన్నాయని, పొయ్యి ఆ దిక్కున పెట్టానని, నడుమ జాగా విడిచానని వంటాయన చెప్పబోయాడు. వినేవాళ్లు లేరు. నాకూ మండింది. నన్ను ముందు పెట్టి ఇంత నాటకమా? దగ్గరికి పోయి, "నాకన్న చెప్పకపోతివి భాయ్" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "చెప్తే తెస్తుంటివా అన్నా?"

తెచ్చేవాణ్ని కాదు. ఆ మాట నా నోటితో అనలేక పక్కకు తిరిగాను.

ఇటు బిడ్డను తవ్వి తీస్తుంటే అటు ఆ మనిషి మా అందరికీ వంట చేశాడు. వాళ్లు తవ్వుతున్నంతసేపు ఆయన పొయ్యి వదిలి రాలేదు. వస్తే అన్నం మాడుతుంది, మాడితే ఎవరైనా వెతుక్కుంటూ వస్తారు. ఈ సంగతి నాకు అప్పుడే తట్టింది.

వెంటనే అందరినీ ఒడ్డుకు చేర్చమని సారు హుకుం. వీళ్ల సంగతేందని అడిగాను. ముసలాయన అప్పుడు మొదటిసారి మాట్లాడాడు. తీసిన దాన్ని పొద్దుగూకక ముందే మళ్లీ మట్టిలో పెట్టాలి, జర దయ చూడమన్నాడు. "గవి లాంచీ ఎక్కితే నేను ఈదుకుంటనన్న పోత" అన్నాడు పెద్ద క్లర్కు. సారు తల పట్టుకున్నారు. రేపు పేపర్లో పడితే తన ఉద్యోగం ఏమవుతుందని ఆయన భయం. వీళ్లను ఇక్కడే ఉండనివ్వు, రేపు పోలీసులతో వచ్చి చూద్దాం అన్నారు. విస్తళ్లు విస్తళ్లుగానే ఉన్నాయి. అందరినీ ఎక్కించుకుని బయల్దేరాను.

సగం దూరం పోయినాక పెద్ద క్లర్కు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతను ఆ దిక్కు మనిషే. ఊళ్లు ఖాళీ చేసేటప్పుడు జనం తలుపులు, దూలాలు, చెట్లు అన్నీ కొట్టుకుపోయారని, కంప కూడా మిగల్చలేదని చెప్పాడు. "గోరీల మీది చెట్టును ఎవడన్న కొడతడా? గంత నీడున్నదంటే మనకు ఎరుక కావాలె." అంత సేపూ దూరమవుతున్న ఆ వేపచెట్లనే చూస్తున్నాడు. దీవులన్నీ తిరిగి నేను ఏరింది, ఆ ఊరివాళ్లు ముట్టడానికి చేతులు రాక వదిలేసిన నీడను.

ఒడ్డు చేరాం. సారు లాంచీ ఇంజను తిప్పే హ్యాండిలు ఇమ్మని చెయ్యి చాపారు. అది లేకపోతే ఇంజను లేవదు. ఇచ్చాను. దాన్ని జీపులో సీటు కింద పెట్టించారు. ఇచ్చింది నా చెయ్యే, అందుకు నేను ఎవరినీ తప్పు పట్టను. పడమటి దిక్కు మబ్బు కమ్ముతోంది. మే నెలలో సాయంత్రం గాలి లేస్తే ఆ నీళ్లు మనిషి ఎత్తు లేస్తాయి.

పెద్ద క్లర్కు మైల పోవడానికి కట్టుబట్టలతోనే నీళ్లలో దిగి మునిగాడు. మూడు మునకలేసి మంత్రం చదువుకుంటున్నాడు. నేను గట్టు మీద కూర్చుని దిబ్బ దిక్కు చూస్తున్నాను. మంత్రం నడుమ ఆగింది.

"ఎంత పిల్లనన్నడు?"

"అయిదేండ్లట" అన్నాను.

అతను నీళ్లలోనే నిలబడ్డాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. తడిసిన ధోతి కాళ్లకు చుట్టుకుంటుంటే ఎత్తి పట్టుకుని గట్టెక్కి, నేరుగా జీపు దగ్గరికి పోయాడు. సీటు కింద చెయ్యి పెట్టి హ్యాండిలు తీశాడు. సారు పక్కనే నిలబడి ఉన్నారు. చూశారు. పెద్ద క్లర్కు కూడా ఆయనను చూశాడు. సారు అటు తిరిగి, భార్యకు గ్లాసులో నీళ్లు పోయసాగారు.

హ్యాండిలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నెలనెలా నా వేలిముద్రను వెక్కిరించే మనిషి.

"పొద్దు వాలుతాంది," అన్నాడు. "పోయి పిల్లను తోల్కరా."

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మీరు అడుగుతారు కనుక. పోలీసులు రాలేదు. వంటాయనను ఉద్యోగం నుంచి తీసేశారు. కొల్లాపూర్ బస్టాండు దగ్గర హోటలు పెట్టుకున్నాడు. అనుమతి లేకుండా లాంచీ తిప్పానని నాకు మెమో వచ్చింది. జవాబు పెద్ద క్లర్కే రాశాడు. నేను వేలిముద్ర వేసేటప్పుడు ఈసారి ఏమీ అనలేదు. నన్ను నల్లగొండ దిక్కుకు, కాలువ గేట్ల పనికి మార్చారు. నాకది శిక్ష అనిపించలేదు, ఇల్లు దగ్గరయింది. ఆ ఆఫీసువాళ్లు మళ్లీ దీవి మాట ఎత్తలేదు. కొన్నేళ్ల తర్వాత అటు పోయినప్పుడు అడిగితే, ఆ ఒడ్డు అదే ఏడు వానలకు విరిగిపడిందన్నారు.

లాంచీని అంత జోరుగా నేను ఎన్నడూ నడపలేదు. గాలి లేచింది. దిబ్బ దగ్గరికి పోయేసరికి నలుగురూ వాలు మీదే నిలబడి ఉన్నారు. మేము వదిలేసిన అన్నం గుండిగెల మీద మూతలు పెట్టి ఉన్నాయి. వాళ్లు ఒక్క మెతుకు ముట్టలేదు. ముసలాయనను, తమ్ముణ్ని, ఆమెను చెయ్యిచ్చి ఎక్కించాను. చివరికి వంటాయన. రెండు చేతుల్లో తెల్లటి మూట. అలలకు లాంచీ పైకీ కిందికీ ఊగుతోంది, ఎక్కడానికి వేసిన పలక మీద కాలు నిలవడం లేదు. ఒక చేత్తో లాంచీ అంచు కట్టె పట్టుకుంటే తప్ప ఎక్కలేడు. మూట ఇటియ్యమని నేను ముందుకు వంగాను.

ఇవ్వడానికి ఆయనకు చేతులు రాలేదు. అల వచ్చింది, పోయింది. ఇంకో అల వచ్చింది. అప్పుడు చాపాడు.

"తల గీ దిక్కున్నది అన్నా. జర కింద చెయ్యి పెట్టు."

పెట్టాను. లారీల మీద, లాంచీల మీద నా బతుకంతా మూటలు ఎక్కించాను, దించాను. ఏ మూటకైనా తల ఎటున్నదని నాకు ఎవరూ చెప్పలేదు.